జాంగోలో ఆ చెక్ ఎక్కడ పెట్టాలి: మిడిల్‌వేరా, డెకరేటరా, పర్మిషన్ క్లాసా, ఇంజిన్‌ఎక్సా?

కొన్ని కాలేజీలకు కలిపి ఒకే ఫీజుల పోర్టల్. పిల్లలు మొబైల్ యాప్‌లో బాకీ చూసుకుంటారు, తల్లిదండ్రులు బ్రౌజర్‌లో కడతారు, ఆఫీసు వాళ్లు వేరే పేజీల్లో లెక్కలు సరిచూసుకుంటారు. లోపల జాంగో అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్, యాప్ కోసం జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్ అంటే డీఆర్‌ఎఫ్, వాకిట్లో ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్. నేను రెండేళ్లు పని చేసిన ప్రాజెక్టు ఇది. ఆ రెండేళ్లలో మా టీమ్‌లో మళ్లీ మళ్లీ వచ్చిన వాదన ఒకటే: "ఈ చెక్ ఎక్కడ రాద్దాం?"

లాగిన్ కాని వాళ్లను ఆపాలి. ఒకే నంబర్‌కి వరసపెట్టి ఓటీపీలు అడిగితే హద్దు పెట్టాలి. ప్రతి రిక్వెస్ట్‌కీ ఒక గుర్తింపు నంబర్ వేసి లాగ్‌లో రాయాలి. వచ్చిన రిక్వెస్ట్ ఏ కాలేజీదో తేల్చాలి. వీటన్నిటినీ మిడిల్‌వేర్‌లో, అంటే ప్రతి రిక్వెస్ట్ దాటి వెళ్లే పొరలో రాయొచ్చు. చాలావరకు వ్యూ (పేజీకి జవాబిచ్చే కోడ్) నెత్తిన తగిలించే డెకరేటర్‌తోనూ, ఎవరికి అనుమతి ఉందో చూసే పర్మిషన్ లాంటి డీఆర్‌ఎఫ్ క్లాసులతోనూ అవుతాయి. కొన్ని ఇంజిన్‌ఎక్స్ దగ్గరే తేలిపోతాయి. ఏ దారిలో వెళ్లినా పని జరుగుతుంది కాబట్టే ఎంచుకోవడం కష్టం.

ఉదాహరణలన్నీ జాంగోవే ఇచ్చాను. ఎక్స్‌ప్రెస్, ఫాస్ట్‌ఏపీఐ, లారావెల్ లాంటి వేరే ఫ్రేమ్‌వర్క్‌లు వాడేవాళ్ల కోసం చివర్లో కొంచెం చెప్పాను.

## ముందు రిక్వెస్ట్ నడిచే దారి

ఇది కళ్ల ముందు ఉంటే సగం నిర్ణయం దానంతట అదే తేలిపోతుంది.

రిక్వెస్ట్ మొదట ఇంజిన్‌ఎక్స్‌కి తగులుతుంది. అక్కణ్నుంచి గునికార్న్ లాంటి సర్వర్ ద్వారా జాంగోలోకి వస్తుంది. సెట్టింగ్స్‌లోని మిడిల్‌వేర్ జాబితాను పైనుంచి కిందికి దాటుకుంటూ వెళ్తుంది. కొత్త ప్రాజెక్టు మొదలుపెడితే ఆ జాబితాలో ఏడు ఉంటాయి: సెక్యూరిటీ, సెషన్, కామన్, సీఎస్‌ఆర్‌ఎఫ్, ఆథెంటికేషన్, మెసేజ్, ఎక్స్‌ఫ్రేమ్ ఆప్షన్స్. ఇవన్నీ దాటాకే ఈ యూఆర్‌ఎల్‌కి ఏ వ్యూ అన్నది జాంగో వెతుకుతుంది. వ్యూ దొరికాక మిడిల్‌వేర్లలో ప్రాసెస్ వ్యూ అనే హుక్, అంటే ఆ సమయానికి జాంగో పిలిచే ఫంక్షన్ ఉంటే దాన్ని పిలుస్తుంది. ఆ తర్వాత డెకరేటర్లు, డీఆర్‌ఎఫ్ వ్యూ అయితే దాని లోపల టోకెన్ (యాప్ పంపే లాగిన్ చీటీ) చూడడం, పర్మిషన్లు, థ్రాట్లింగ్ (ఎన్నిసార్లు అడగొచ్చన్న హద్దు), ఆ తర్వాతే మీరు రాసిన అసలు కోడ్. రెస్పాన్స్ అదే దారిలో కింది నుంచి పైకి వెనక్కి వెళ్తుంది. ఉల్లిపాయ పొరల్లా అనుకోండి, లోపలికి వెళ్లేటప్పుడు ఏ వరస అయితే బయటికి వచ్చేటప్పుడు దానికి తిరగేసిన వరస.

పొర లోపలికి వెళ్లేకొద్దీ రిక్వెస్ట్ గురించి ఎక్కువ తెలుస్తుంది. బయటికి వచ్చేకొద్దీ ఎక్కువ రిక్వెస్ట్‌లు చేతికి అందుతాయి. ఈ రెండూ ఒకేచోట దొరకవు. ఎంపికలో ఉన్న తిప్పలన్నీ ఇక్కడే పుడతాయి.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, ఆ పని ఎన్ని రిక్వెస్ట్‌లకు కావాలి? అన్నిటికీనా, ఏపీఐకి మాత్రమేనా, మూడు పేజీలకేనా?

రెండోది, నిర్ణయం తీసుకోవడానికి ఏం తెలియాలి? ఐపీ చాలా, యూజర్ ఎవరో కావాలా, ఏ వ్యూ అన్నది కావాలా, ఫలానా రసీదు ఫలానా విద్యార్థిదే అన్నంత లోతు కావాలా?

మూడోదాన్ని నేను అన్నిటికంటే పైన పెడతాను. ఎవరైనా మర్చిపోతే ఏమవుతుంది? రేపు కొత్తగా చేరిన అమ్మాయి ఒక కొత్త వ్యూ రాసి, మీరు అనుకున్న చెక్ పెట్టడం మర్చిపోయిందనుకోండి. ఆ పేజీ లోకమంతటికీ తెరుచుకుంటుందా, ఎవరికీ తెరుచుకోకుండా ఉండిపోతుందా? ఎవరికీ తెరుచుకోకపోతే పది నిమిషాల్లో ఆ అమ్మాయే వచ్చి అడుగుతుంది. లోకమంతటికీ తెరుచుకుంటే ఎవరూ అడగరు. నెలలు గడిచాక ఎవరో బయటివాళ్లు కనిపెడతారు.

నాలుగోది ఖర్చు. మిడిల్‌వేర్‌లో ఒక డేటాబేస్ క్వెరీ పెడితే అది ప్రతి రిక్వెస్ట్‌కీ నడుస్తుంది, సర్వర్ బతికుందా అని చూసే హెల్త్ చెక్‌కి కూడా.

ఐదోది, ఆ రూల్ ఎవరి కంటికి కనిపిస్తుంది? వ్యూ పక్కనే ఉంటే చదివేవాళ్లకు వెంటనే తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో ఉంటే వెతకాలి. సర్వర్ మీద ఏదో ఫైల్‌లో ఉంటే ఆ సర్వర్‌లోకి వెళ్లగలిగిన వాళ్లకే తెలుస్తుంది.

| | ఇంజిన్‌ఎక్స్ | మిడిల్‌వేర్ | డెకరేటర్ | డీఆర్‌ఎఫ్ క్లాసులు |
|---|---|---|---|---|
| ఎవరికి వర్తిస్తుంది | స్టాటిక్ ఫైళ్లతో సహా అన్నిటికీ | జాంగోలోకి వచ్చిన అన్నిటికీ | పెట్టిన వ్యూకే | ఏపీఐ వ్యూలకే |
| ఏ వ్యూ అన్నది తెలుసా | తెలియదు | ప్రాసెస్ వ్యూ నుంచే | తెలుసు | తెలుసు |
| సెషన్‌తో వచ్చిన యూజర్ | తెలియదు | ఆథెంటికేషన్ మిడిల్‌వేర్ కింద ఉంటే | తెలుసు | తెలుసు |
| టోకెన్‌తో వచ్చిన యూజర్ | తెలియదు | రెస్పాన్స్ వెనక్కి వచ్చేటప్పుడే | తెలియదు | తెలుసు |
| మర్చిపోతే | కొత్త సర్వర్‌లో రూల్ ఉండదు | ఒకసారి పెడితే మర్చిపోయే వీల్లేదు | ఆ వ్యూ తెరిచి ఉంటుంది | డిఫాల్ట్ మార్చకపోతే తెరిచి ఉంటుంది |

## మిడిల్‌వేర్

రాయడం తేలిక. గెట్ రెస్పాన్స్‌ను (లోపలి పొరను నడిపించే ఫంక్షన్‌ను) తీసుకునే ఒక క్లాస్ రాసి, దాన్ని పిలవడానికి ముందు కొంత, తర్వాత కొంత పని చేస్తే చాలు. ఈ పద్ధతి 2016లో జాంగో 1.10తో వచ్చింది. అంతకు ముందు ప్రాసెస్ రిక్వెస్ట్, ప్రాసెస్ రెస్పాన్స్ అని విడివిడి హుక్‌లు ఉండేవి. పాత ట్యుటోరియల్స్ ఇంకా వాటితోనే ఉంటాయి కాబట్టి చదివేటప్పుడు ఏ వెర్షన్‌దో చూసుకోండి.

ఏ పనికి ఇది సరిపోతుందంటే, వ్యూ ఏదైనా సరే, యూజర్ ఎవరైనా సరే జరిగి తీరాల్సిన పనికి. రిక్వెస్ట్ నంబర్ వేయడం దీనికి చక్కటి ఉదాహరణ. ఇంజిన్‌ఎక్స్ 1.11.0 నుంచి ప్రతి రిక్వెస్ట్‌కీ 32 అక్షరాల గుర్తింపు తనే తయారు చేసి ఇస్తుంది. దాన్ని హెడర్‌లో లోపలికి పంపించి, మిడిల్‌వేర్‌లో అందుకుని, కాంటెక్స్ట్ వేరియబుల్‌లో పెట్టి, లాగ్ ఫిల్టర్‌తో ప్రతి లైన్‌లోనూ వచ్చేలా చేస్తే, "నిన్న సాయంత్రం పేమెంట్ ఆగిపోయింది" అని ఫోన్ వచ్చినప్పుడు ఆ ఒక్క రిక్వెస్ట్ కథంతా వరసగా కనిపిస్తుంది. దీన్ని జాబితాలో అందరికంటే పైన పెట్టండి. సెక్యూరిటీ మిడిల్‌వేర్ హెచ్‌టీటీపీని హెచ్‌టీటీపీఎస్‌కి మళ్లిస్తూ అక్కడికక్కడే రెస్పాన్స్ ఇచ్చేస్తే, దాని కింద ఉన్నవేవీ ఆ రిక్వెస్ట్‌ను చూడవు.

ఏ కాలేజీదో తేల్చడం కూడా మిడిల్‌వేర్ పనే. సబ్‌డొమైన్ చూసి కాలేజీని వెతికి రిక్వెస్ట్‌కి తగిలిస్తే వ్యూలన్నీ వాడుకుంటాయి. కాకపోతే ఆ వెతుకులాటను క్యాష్‌లో పెట్టుకోండి, లేకపోతే ప్రతి రిక్వెస్ట్‌కీ ఒక క్వెరీ. ఇంకో మాట. మిడిల్‌వేర్ కాలేజీ ఏదో గుర్తుపడుతుందే తప్ప కాపలా కాయదు. ఈ రసీదు ఈ కాలేజీదేనా అన్నది వ్యూలో క్వెరీసెట్ (డేటాబేస్ నుంచి ఏ రికార్డులు తేవాలో చెప్పేది) దగ్గరే వడకట్టాలి. "మిడిల్‌వేర్ ఉంది కదా" అని ధీమాగా ఉంటే యూఆర్‌ఎల్‌లో నంబర్ మార్చి పక్క కాలేజీ రసీదు తెరవొచ్చు.

ఇక మిడిల్‌వేర్‌లో జనం జారిపడే చోట్లు. ఇవి అనుభవం ఉన్నవాళ్లకు కూడా ఎదురవుతాయి, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

మిడిల్‌వేర్ క్లాస్ సర్వర్ మొదలైనప్పుడు ఒక్కసారే తయారవుతుంది. ఆ ప్రాసెస్‌లోకి వచ్చే రిక్వెస్ట్‌లన్నిటికీ అదే ఆబ్జెక్ట్. అందులో సెల్ఫ్ మీద యూజర్‌నో కాలేజీనో దాచారంటే, థ్రెడ్‌లతో నడిచే సర్వర్‌లో ఒకరి వివరాలు ఇంకొకరి రిక్వెస్ట్‌లో ప్రత్యక్షమవుతాయి. మీ లాప్‌టాప్‌లో ఒక్కరే టెస్ట్ చేసినప్పుడు ఇది ఎప్పటికీ కనిపించదు, రద్దీ ఉన్న రోజే బయటపడుతుంది. ఒక రిక్వెస్ట్‌కి సంబంధించింది ఏదైనా ఆ రిక్వెస్ట్ ఆబ్జెక్ట్ మీదే పెట్టండి.

గెట్ రెస్పాన్స్ చుట్టూ ట్రై, ఎక్సెప్ట్ పెడితే వ్యూలో వచ్చిన ఎర్రర్ దొరుకుతుందనుకుంటారు. దొరకదు. జాంగో ప్రతి పొర దగ్గరా ఎర్రర్‌ను రెస్పాన్స్‌గా మార్చేస్తుంది, మీ చేతికి 500 రెస్పాన్సే వస్తుంది. ఎర్రరే కావాలంటే ప్రాసెస్ ఎక్సెప్షన్ హుక్ రాయాలి. డీఆర్‌ఎఫ్ తన సొంత ఎర్రర్లను తనే రెస్పాన్స్‌గా మలిచేస్తుంది కాబట్టి అవి ఆ హుక్ దాకా కూడా రావు.

మూడోది మమ్మల్ని నిజంగా ఇబ్బంది పెట్టింది. ఎవరు ఏం చేశారో రాసే ఆడిట్ మిడిల్‌వేర్ ఒకటి పెట్టాం. బ్రౌజర్ వాళ్ల పేర్లు చక్కగా పడ్డాయి. యాప్ నుంచి వచ్చినవన్నీ అనామకులుగా పడ్డాయి. మూడు వారాల తర్వాత ఒక ఫీజు మినహాయింపు ఎవరు ఇచ్చారని వెతికితే పేరు లేదు. కారణం ఇది: జాంగో ఆథెంటికేషన్ మిడిల్‌వేర్ సెషన్‌ను మాత్రమే చూస్తుంది. టోకెన్‌ను, జేడబ్ల్యూటీ అనే రకం టోకెన్‌ను కూడా, డీఆర్‌ఎఫ్ వ్యూ లోపల చూస్తుంది. మేం గెట్ రెస్పాన్స్‌కి ముందే యూజర్‌ను చదివాం, అప్పటికి టోకెన్‌ను ఎవరూ విప్పలేదు. ఆ ఒక్క లైన్‌ను గెట్ రెస్పాన్స్ తర్వాతికి జరిపితే సరిపోయింది, ఎందుకంటే డీఆర్‌ఎఫ్ యూజర్ ఎవరో తేల్చాక అసలు రిక్వెస్ట్ మీద కూడా ఆ పేరు రాసి పెడుతుంది.

రిక్వెస్ట్ బాడీని, పోస్ట్ డేటాను మిడిల్‌వేర్‌లో చదవకండి. వ్యూకి ఫైల్ అప్‌లోడ్ పద్ధతి మార్చుకునే అవకాశం పోతుంది. రెస్పాన్స్‌ను మార్చేవాళ్లు అది స్ట్రీమింగ్ రెస్పాన్సా అన్నది ముందు చూసుకోండి, దానికి కంటెంట్ ఉండదు.

ఏఎస్‌జీఐ (అసింక్ కోడ్‌ను నడిపే సర్వర్ పద్ధతి) మీద, అసింక్ వ్యూలతో నడుపుతున్నవాళ్లకు ఒక హెచ్చరిక. అసింక్ మిడిల్‌వేర్ జాంగో 3.1లో వచ్చింది, కానీ జాబితాలో ఒక్క పాత తరహా సింక్ మిడిల్‌వేర్ ఉన్నా దాని కోసం జాంగో ఒక థ్రెడ్ వాడాల్సి వస్తుంది. ఒక్కో మార్పిడికి ఒక మిల్లీసెకన్ దాకా పోతుందని జాంగో డాక్యుమెంటేషనే చెప్తుంది. అసింక్ వల్ల వచ్చే లాభం అక్కడే కరిగిపోవచ్చు.

## డెకరేటర్, మిక్సిన్

నాలుగైదు వ్యూలకే కావాల్సిన పనికి ఇదే నా ఎంపిక. ఈ పేజీని పదిహేను నిమిషాలు క్యాష్ చెయ్యి, ఇది పోస్ట్ మాత్రమే తీసుకోవాలి, ఇది అకౌంటెంట్లకే. రూల్ వ్యూ నెత్తి మీదే ఉంటుంది, చదివేవాళ్లకు ఎక్కడా వెతకక్కర్లేదు, మిగతా వ్యూలకు ఖర్చు సున్నా.

బలహీనత ఒక్కటే, కానీ పెద్దది: మర్చిపోతే తలుపు తెరిచి ఉంటుంది. లాగిన్ రిక్వైర్డ్ డెకరేటర్‌ను ప్రతి వ్యూ మీదా రాసుకుంటూ పోయిన ప్రాజెక్టుల్లో ఎక్కడో ఒకచోట అది రాయని వ్యూ ఉంటుంది. క్లాస్ వ్యూలైతే అదే చెక్‌ను మోసుకొచ్చే మిక్సిన్ అనే క్లాస్‌ను వారసత్వ జాబితాలో అన్నిటికంటే ఎడమవైపు పెట్టాలి. కుడివైపు పెడితే ఎర్రర్ రాదు, కాపలా మాత్రం ఉండదు.

ఈ బలహీనతకు మందు జాంగోలోనే వచ్చింది. 2024 ఆగస్టులో వచ్చిన 5.1లో లాగిన్ రిక్వైర్డ్ మిడిల్‌వేర్ ఉంది. దాన్ని ఆథెంటికేషన్ మిడిల్‌వేర్ కింద పెడితే ప్రతి వ్యూకీ లాగిన్ తప్పనిసరి అవుతుంది. లాగిన్ పేజీ, హోమ్ పేజీ లాంటి వాటి మీద లాగిన్ నాట్ రిక్వైర్డ్ అనే డెకరేటర్ రాసి విడిగా వదలాలి. సాధారణ నియమం మిడిల్‌వేర్‌లో, మినహాయింపు డెకరేటర్‌లో. ఇప్పుడు డెకరేటర్ మర్చిపోతే పేజీ మూసి ఉంటుంది, ఎవరో ఒకరు వెంటనే అడుగుతారు. ఒకటి బాగుందా మరొకటి బాగుందా అని వాదించుకునే బదులు రెంటినీ ఇలా జతకలపడం నాకు చాలా నచ్చింది. ఇది ప్రాసెస్ వ్యూ హుక్‌లో పని చేస్తుంది, ఏ వ్యూ అన్నది అక్కడే కదా తెలిసేది.

## డీఆర్‌ఎఫ్ పర్మిషన్, థ్రాటిల్ క్లాసులు

మొబైల్ యాప్ కోసం ఏపీఐ రాస్తున్నవాళ్లు లాగిన్, అనుమతి, హద్దుల విషయంలో మిడిల్‌వేర్ వైపు చూడనక్కర్లేదు. టోకెన్ యూజర్ ఇక్కడే తెలుస్తాడు. జాంగో లాగిన్ డెకరేటర్‌ను డీఆర్‌ఎఫ్ వ్యూ పైన తగిలించినా టోకెన్ విప్పకముందే నడుస్తుంది కాబట్టి సరైన టోకెన్‌తో వచ్చినవాళ్లను కూడా లాగిన్ పేజీకి తోస్తుంది.

అయితే ఇక్కడ ఒక డిఫాల్ట్ ఉంది, దాన్ని తెలుసుకోకుండా ఎవరూ ప్రొడక్షన్‌కి వెళ్లకూడదు. డీఆర్‌ఎఫ్‌లో మీరు ఏమీ చెప్పకపోతే పర్మిషన్ ఎలౌ ఎనీ. అంటే అందరికీ. మొదటి రోజే సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ పర్మిషన్‌ను ఈజ్ ఆథెంటికేటెడ్‌కి మార్చండి. పైన చెప్పిన 5.1 మిడిల్‌వేర్ ఉంది కదా అని ఊరుకోవద్దు: డీఆర్‌ఎఫ్ 3.16 నుంచి ఏపీఐ వ్యూలు దాన్ని పట్టించుకోవు, తమ కాపలా తాము చూసుకుంటాయి. కాబట్టి బ్రౌజర్ పేజీలకు మిడిల్‌వేర్, ఏపీఐకి డిఫాల్ట్ పర్మిషన్, రెండూ పెట్టాలి. ఒకటి పెట్టి రెండోది వదిలేస్తే సగం ఇల్లు తెరిచి ఉన్నట్టే.

ఇంకో రెండు విషయాలు. ఒక వ్యూలో పర్మిషన్ క్లాసుల జాబితా రాస్తే అది డిఫాల్ట్‌కి కలవదు, దాన్ని తీసేసి దాని చోట కూర్చుంటుంది. ఒక్కో వస్తువు మీద చూసే ఆబ్జెక్ట్ పర్మిషన్ ఒక రసీదు తెరిచినప్పుడు నడుస్తుంది, రసీదుల జాబితా ఇచ్చేటప్పుడు నడవదు. జాబితాకు క్వెరీసెట్‌లోనే వడపోత రాయాలి.

థ్రాట్లింగ్ గురించి. ఓటీపీకి హద్దు పెట్టాలంటే ఫోన్ నంబర్‌ను బట్టి లెక్క కట్టే థ్రాటిల్ క్లాస్ రాసుకోవాలి, అది పది లైన్ల పని. కానీ ఆ లెక్క క్యాష్‌లో ఉంటుంది. జాంగో డిఫాల్ట్ క్యాష్ ఒక్కో ప్రాసెస్ మెమరీలో విడివిడిగా ఉంటుంది. గునికార్న్ నాలుగు వర్కర్లతో నడుస్తుంటే, ఐదు అన్న మీ హద్దు ఇరవై దాకా పోవచ్చు. రెడిస్ లాంటి ఉమ్మడి క్యాష్ కావాలి, జాంగో 4.0 నుంచి దానికి బ్యాకెండ్ జాంగోలోనే ఉంది, రెడిస్ పైథాన్ లైబ్రరీ ఒక్కటి పెట్టుకుంటే చాలు. ఐపీని బట్టి హద్దు పెట్టేవాళ్లు ముందు ఎన్ని ప్రాక్సీలు ఉన్నాయో డీఆర్‌ఎఫ్ సెట్టింగ్స్‌లో చెప్పండి. చెప్పకపోతే ఎక్స్ ఫార్వర్డెడ్ ఫర్ హెడర్‌లో ఉన్నదంతా కలిపి గుర్తింపుగా తీసుకుంటుంది, పంపేవాడు ఆ హెడర్‌ను ప్రతిసారీ మారిస్తే ప్రతిసారీ కొత్త మనిషే. దాడులను ఆపడానికి ఈ థ్రాట్లింగ్‌నే నమ్ముకోవద్దని డీఆర్‌ఎఫ్ వాళ్లే రాసి పెట్టారు.

## ఇంజిన్‌ఎక్స్

పైథాన్ దాకా రాకముందే తేల్చేయగలిగినవి ఇక్కడ తేల్చేయడం మేలు. స్టాటిక్ ఫైళ్లు, పెద్ద అప్‌లోడ్‌ల హద్దు, జిజిప్, హడావుడిగా కొట్టే బాట్‌లు. అప్‌లోడ్ హద్దు డిఫాల్ట్‌గా 1 ఎంబీ ఉంటుంది. ఫొటో అప్‌లోడ్‌కి 413 (సైజు ఎక్కువైంది) వస్తే జాంగోలో వెతికి లాభం లేదు, అది అక్కడిదాకా రానే లేదు.

రేట్ లిమిట్ విషయంలో దీని వేగానికి పోటీ లేదు. 64-బిట్ సర్వర్ మీద 1 ఎంబీ మెమరీలో దాదాపు 8 వేల అడ్రస్‌ల లెక్క పెట్టుకోగలదు. చిక్కు ఏమిటంటే దానికి మనుషులు తెలియరు, ఐపీలే తెలుసు. ఫీజు గడువు చివరి రోజున మాకు అర్థమైంది ఇది. హాస్టల్ మొత్తం ఒకే వైఫై, బయటికి ఒకటే ఐపీ. వందలమంది పిల్లలు ఒకేసారి యాప్ తెరిస్తే సెకనుకు పది రిక్వెస్ట్‌ల మా హద్దు క్షణంలో దాటిపోయింది. లిమిట్ దాటితే ఇంజిన్‌ఎక్స్ డిఫాల్ట్‌గా 503 (సర్వీస్ అందుబాటులో లేదు) ఇస్తుంది. మేం దాన్ని చూసి సర్వర్ పడిపోయిందనుకుని గంట సేపు డేటాబేస్‌ను తవ్వాం. ఆ గంట పిల్లలకు ఎంత టెన్షనో ఫోన్లు ఎత్తినవాళ్లకు తెలుసు. ఆ తర్వాత ఇంజిన్‌ఎక్స్ హద్దును బాగా వదులు చేశాం, 503 బదులు 429 (మరీ ఎక్కువ రిక్వెస్ట్‌లు) వచ్చేలా మార్చాం, అసలు హద్దును ఫోన్ నంబర్ మీద డీఆర్‌ఎఫ్‌లో పెట్టాం. మొబైల్ నెట్‌వర్క్‌ల్లోనూ ఒకే ఐపీ వెనక చాలామంది ఉంటారు. మన దగ్గర ఎక్కువమంది ఫోన్‌లోనే సైట్ తెరుస్తారు కాబట్టి ఐపీ మీద గట్టి హద్దు పెట్టేముందు రెండుసార్లు ఆలోచించండి.

సెక్యూరిటీ హెడర్లను ఇక్కడ పెట్టేవాళ్లకు ఒక చిక్కు ఎదురవుతుంది. పై స్థాయిలో నాలుగు హెడర్లు రాసి, లోపలి లొకేషన్ బ్లాక్‌లో ఒక్క యాడ్ హెడర్ రాశారంటే, పైన రాసిన నాలుగూ ఆ బ్లాక్‌కి వర్తించవు. ఆల్వేస్ అని చేర్చకపోతే ఎర్రర్ పేజీలకు హెడర్లు పోవు. ఈ కారణంగా నేను జాంగో పేజీల హెడర్లను జాంగో సెక్యూరిటీ మిడిల్‌వేర్‌కే వదిలేస్తాను. అవి రిపోలో ఉంటాయి, టెస్ట్ రాయొచ్చు.

## ఏ పనికి ఏది

| పని | నా మొదటి ఎంపిక | ఎప్పుడు మార్చుకోవాలి |
|---|---|---|
| బ్రౌజర్ పేజీలకు లాగిన్ | 5.1 లాగిన్ రిక్వైర్డ్ మిడిల్‌వేర్ | ఎక్కువ పేజీలు అందరికీ తెరిచి ఉండే సైట్ అయితే డెకరేటర్ |
| ఏపీఐకి లాగిన్ | డీఆర్‌ఎఫ్ డిఫాల్ట్ పర్మిషన్ | మార్చనక్కర్లేదు |
| ఓటీపీ హద్దు | ఫోన్ నంబర్ మీద డీఆర్‌ఎఫ్ థ్రాటిల్, రెడిస్‌తో | ముందున్న ఇంజిన్‌ఎక్స్ దగ్గర కూడా ఒక వదులైన హద్దు ఉంచాలి |
| రిక్వెస్ట్ నంబర్, సమయం | మిడిల్‌వేర్, అందరికంటే పైన | నంబర్ ఇంజిన్‌ఎక్స్ ఇస్తే ఇంకా మంచిది |
| ఆడిట్ లాగ్ | మిడిల్‌వేర్, గెట్ రెస్పాన్స్ తర్వాత | ఏ ఫీల్డ్ మారిందో కూడా కావాలంటే వ్యూ లేదా మోడల్ దగ్గర |
| ఏ కాలేజీదో గుర్తించడం | మిడిల్‌వేర్, క్యాష్‌తో | కాపలా మాత్రం క్వెరీసెట్‌లో |
| పేజీ క్యాష్ | డెకరేటర్ | సైట్ మొత్తం అందరికీ ఒకేలా ఉంటేనే మిడిల్‌వేర్ |
| స్టాటిక్ ఫైళ్లు | ఇంజిన్‌ఎక్స్ | ఇంజిన్‌ఎక్స్ లేని చోట వైట్‌నాయిస్ అనే ప్యాకేజీ, సెక్యూరిటీ మిడిల్‌వేర్ కిందనే |

## మీరు ఎలాంటి చోట ఉన్నారు

ఒక్కరే చిన్న సైట్ రాసుకుంటుంటే సొంత మిడిల్‌వేర్ రాయకపోయినా ఏం కాదు. వచ్చిన ఏడింటికి లాగిన్ రిక్వైర్డ్‌ను చేర్చండి, అవసరం వచ్చినప్పుడు రిక్వెస్ట్ నంబర్ చేర్చండి. అంతే.

యాప్‌కి ఏపీఐ మాత్రమే ఇస్తున్న టీమ్ అయితే డీఆర్‌ఎఫ్ సెట్టింగ్స్‌లోనే మీ నిర్ణయాలు ఉండాలి. మిడిల్‌వేర్‌ను లాగ్‌లకు, సమయం కొలవడానికి మాత్రం ఉంచుకోండి. యూజర్‌ను బట్టి నిర్ణయం తీసుకునే కోడ్ ఎవరైనా మిడిల్‌వేర్‌లో రాస్తుంటే రివ్యూలోనే ఆపండి.

పాత పెద్ద కోడ్‌ను చూసుకుంటున్నవాళ్లకు పని ఎక్కువ. వందల వ్యూలు, కొన్నిటికి డెకరేటర్, కొన్నిటికి మిక్సిన్, కొన్నిటికి ఏమీ లేదు. జాంగో 4.2 మీద ఉంటే కొత్త లాగిన్ రిక్వైర్డ్ మిడిల్‌వేర్ దొరకదు, ప్రాసెస్ వ్యూ హుక్‌తో అలాంటిది మీరే ముప్పై లైన్లలో రాసుకోవచ్చు. కానీ మొదటి రోజే ఆపడం మొదలుపెట్టకండి. లాగిన్ లేకుండా ఏ వ్యూకి వచ్చారో లాగ్‌లో రాయడం వరకే చేసి ఒక నెల చూడండి. పేమెంట్ గేట్‌వే నుంచి వచ్చే వెబ్‌హుక్‌లు, ఎప్పుడో ఎవరికో ఇచ్చిన లింకులు అప్పుడే బయటపడతాయి. వాటిని మినహాయింపుల్లో రాసుకున్నాక ఆపడం మొదలుపెట్టండి. నెల ఎందుకంటే, నెలాఖరు రిపోర్టులు నెలకొకసారే నడుస్తాయి.

## జాంగో కాకపోతే

ప్రశ్నలు అవే, వివరాలు మారతాయి. ఎక్స్‌ప్రెస్‌లో దాదాపు అంతా మిడిల్‌వేరే, ఒక్క రూట్‌కైనా, యాప్ మొత్తానికైనా. కోడ్‌లో రాసిన వరసే నడిచే వరస, కాబట్టి రూట్ కింద రాసిన లాగిన్ చెక్ ఆ రూట్‌ను కాపాడదు. ఎర్రర్ చూసేదానికి నాలుగు ఆర్గ్యుమెంట్లు ఉండి తీరాలి. అసింక్ ఫంక్షన్‌లో వచ్చిన ఎర్రర్లు 5వ వెర్షన్ నుంచే వాటంతట అవి అక్కడికి చేరతాయి.

ఫాస్ట్‌ఏపీఐలో లాగిన్, అనుమతులకు డిపెండెన్సీలు వాడండి, రూటర్ స్థాయిలో పెడితే మర్చిపోయే భయం తగ్గుతుంది. అక్కడ చివర చేర్చిన మిడిల్‌వేరే అన్నిటికంటే బయటి పొర, జాంగోకి తలకిందులు.

లారావెల్‌లో మిడిల్‌వేర్‌ను మొత్తానికీ, గ్రూపుకీ, ఒక్క రూట్‌కీ పెట్టుకునే వీలు చక్కగా ఉంది. లాగిన్‌ను గ్రూపు స్థాయిలో పెట్టడం మంచి అలవాటు. 2024లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి ఈ రూల్స్ బూట్‌స్ట్రాప్ ఫోల్డర్‌లోని యాప్ ఫైల్‌లోకి మారాయి, పాత కెర్నల్ ఫైల్ కోసం వెతక్కండి.

## పెట్టాక ఎలా సరిచూసుకోవాలి

ఏ దారి ఎంచుకున్నా ఈ ఒక్క టెస్ట్ రాయండి. ప్రాజెక్టులోని యూఆర్‌ఎల్స్ అన్నిటినీ జాంగో రిజాల్వర్ నుంచి తీసుకుని, లాగిన్ లేని టెస్ట్ క్లయింట్‌తో ఒక్కొక్కదాన్నీ తెరవండి. ప్రతిదానికీ 302 (లాగిన్ పేజీకి మళ్లింపు), 401 (లాగిన్ కావాలి), 403 (అనుమతి లేదు)లో ఏదో ఒకటి రావాలి. అందరికీ తెరిచి ఉండాల్సినవి ఒక జాబితాలో విడిగా రాసి ఉండాలి, ఆ జాబితాను మారిస్తే రివ్యూలో కనిపించాలి. నంబర్ కావాల్సిన యూఆర్‌ఎల్స్‌కి ఏదో ఒక నంబర్ ఇవ్వండి, డేటా దాకా వెళ్లి 404 వచ్చిందంటే అక్కడ కాపలా లేనట్టే.

మా పోర్టల్‌లో దీన్ని మొదటిసారి నడిపినప్పుడు మూడు యూఆర్‌ఎల్స్ దొరికాయి. రెండు ఎవరూ వాడని పాత పేజీలు. మూడోది రసీదు పీడీఎఫ్ డౌన్‌లోడ్. విద్యార్థి పేరు, తండ్రి పేరు, ఫోన్ నంబర్ అన్నీ అందులో ఉన్నాయి. దాని మీద మిక్సిన్ ఉంది, కుడివైపు.